పదేళ్ల పిల్ల నిలబెట్టిన సింహాసనం

నెదర్లాండ్స్ రాజు మూడో విలియం 1879 జనవరిలో మళ్లీ పెళ్లికొడుకయ్యాడు. ఆయనకు 61 ఏళ్లు, జర్మన్ సంస్థానం నుంచి వచ్చిన వధువు ఎమ్మాకు 20. మొదటి భార్య కన్న ముగ్గురు కొడుకుల్లో ఒకడు చిన్నతనంలోనే పోయాడు. పెద్దవాడు ఆ ఏడే పారిస్‌లో కన్నుమూశాడు. మిగిలిన ఒక్కడూ 1884లో పెళ్లికాకుండానే చనిపోయాడు. వంశభారమంతా ఎమ్మాకు 1880లో పుట్టిన ఆడపిల్ల విల్‌హెల్మినా మీద పడింది.

నిజానికి వీళ్లు అనాదిగా రాజులేమీ కారు. వంశానికి పెద్దగా చెప్పుకునే విలియం, పదకొండేళ్లప్పుడు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ సంస్థానానికి వారసుడయ్యాడు. వంశానికి ఆ పేరు అలా వచ్చింది. స్పెయిన్ రాజు మీద తిరుగుబాటు నడిపి, 1584లో డెల్ఫ్ట్‌లో హంతకుడి తూటాకు బలయ్యాడు. ఆ తిరుగుబాటు రిపబ్లిక్‌ను కన్నది. అందులో ఆరెంజ్ వారు స్టాడ్‌హౌడర్లనే ఉన్నతాధికారులు, అంతే. 1795లో ఫ్రెంచి సేనలు ముంచుకొస్తే ఐదో విలియం చేపల పడవెక్కి ఇంగ్లండ్ పారిపోయాడు. డచ్చి స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించమని అక్కడి నుంచే లేఖలు రాశాడు. మన కోస్తాలోని స్థావరాలూ ఆ ఏడే చేతులు మారాయి. మధ్యలో తిరిగొచ్చినా 1825తో ఆ అధ్యాయం ముగిసింది. భీమిలిలో డచ్చివారి సమాధులు మిగిలాయి. పారిపోయినవాడి కొడుకు మాత్రం 1815లో ఏకంగా రాజయ్యాడు.

1890లో మూడో విలియం పోయేనాటికి విల్‌హెల్మినాకు పదేళ్లు. ఆడపిల్లకు చెల్లదంటూ లక్సెంబర్గ్ గద్దె అప్పుడే చేజారి బంధువులకు పోయింది. ఎమ్మా భర్త కోపిష్ఠి, స్త్రీలోలుడన్న పేరు మిగిల్చి వెళ్లాడు. ఎమ్మా రాజప్రతినిధిగా ఎనిమిదేళ్లు పాలించింది, పిల్లను వెంటబెట్టుకుని రాష్ట్రాలన్నీ తిప్పింది. రాచకుటుంబాన్ని జనానికి దగ్గర చేసింది ఆ విదేశీ వితంతువేనని నా లెక్క. యూట్రెక్ట్‌లో 1885లో మొదలైన పాప పుట్టినరోజు వేడుకే క్రమంగా జాతీయ పండుగైంది.

విల్‌హెల్మినా 1898లో ప్రమాణం చేసింది. కిరీటం తలకెత్తుకోలేదు, అక్కడి ఆచారంలో అది బల్ల మీదే ఉంటుంది. 1901లో పెళ్లయినా గర్భాలు నిలవలేదు. బిడ్డలు లేకుంటే గద్దె జర్మన్ బంధువుకు పోయేదే. 1909లో జూలియానా పుట్టాకే దేశం ఊపిరి పీల్చుకుంది. 1940లో హిట్లర్ దండెత్తితే రాణి లండన్ చేరి రేడియోలో ప్రజలతో మాట్లాడింది. 1948లో స్వయంగా తప్పుకుని కూతురికి గద్దె అప్పగించింది. జూలియానా 1980లో, ఆమె కూతురు బియాట్రిక్స్ 2013లో అదే చేశారు. మధ్యలో 1976లో జూలియానా భర్త లాక్‌హీడ్ విమానాల లంచాల కేసులో ఇరుక్కుని పదవులు పోగొట్టుకున్నాడు, గద్దె కదల్లేదు.

ఇప్పటి రాజు విల్లెం అలెగ్జాండర్, 123 ఏళ్ల తర్వాత వచ్చిన మగ పాలకుడు. ఆయనకు ముగ్గురూ కూతుళ్లే. తర్వాతి వంతు పెద్దమ్మాయి కాథరీనా అమాలియాది. తమ్ముడు పుట్టినా ఆమె హక్కు పోయేది కాదు. ఆడా మగా తేడా లేకుండా పెద్ద సంతానానికే గద్దె అని 1983లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు.