పది చుట్లు, ముప్పై ఏడు కూతలు

జనవరి శనివారం. పొద్దున్న ఏడు. నార్త్ యార్క్‌లో ఇంకా తెల్లారలేదు. బయట మైనస్ 18. ఫించ్ అవెన్యూ మీద రాత్రి చల్లిన ఉప్పు టైర్ల కింద కరకరలాడుతోంది. వెనక సీట్లో ఎనిమిదేళ్ల పిల్ల చెవులు రిక్కించింది.

"నాన్నా, మళ్లీ పిచ్చుక!"

కిచ్. కిచ్. కిచ్. బండి కదిలితే కూస్తుంది, ఆగితే ఆగుతుంది. మూడు వారాలుగా ఇదే వరస. ఓ షాపులో వీల్ బేరింగ్ మార్చారు. పోలేదు. ఇంకో షాపులో బ్రేకులు విప్పి చూశారు. పోలేదు. సాయంత్రం ఇదే బండిలో ఒట్టావా వెళ్లాలి.

కీల్ స్ట్రీట్ వెనక సందులో ఒకే ఒక లిఫ్టున్న గ్యారేజీ. లోపల డీజిల్ వాసన, హీటర్ గురగుర. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్న పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. బానెట్ వైపు చూడనే లేదు.

"ఎప్పుడొస్తుందో చెప్పొద్దబ్బాయ్. ఎప్పుడు రాదో చెప్పు."

"ఆపినప్పుడే రాదు బాబాయ్."

"బ్రేకు తొక్కితే?"

"మారదు."

"స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకమంటుందా?"

"లేదు."

"న్యూట్రల్‌లో దొర్లిస్తే?"

"అప్పుడూ వస్తుంది."

బ్రేకులు కావు. చక్రం దగ్గరి సీవీ జాయింటూ కాదు, అదైతే మలుపులో అరిచేది. ఇంజనూ కాదు. పెద్దాయన జేబులోంచి చాక్‌పీసు తీశాడు. ముందు టైరు మీద తెల్లగా ఒక గీత గీశాడు.

"నేను చక్రం చుట్లు లెక్కపెడతా. నువ్వు పిచ్చుకని లెక్కపెట్టు తల్లీ."

అద్దాలు దించారు. చలి లోపలికి దూసుకొచ్చింది. మంచు తోసేసిన పెరట్లో బండి నత్తలా పాకుతుంటే, ఆయన పక్కనే వంగి, గీత నేలని తాకిన ప్రతిసారీ ఒక వేలు మడుస్తూ, నోట్లోంచి పొగలా ఆవిరి లేస్తున్నా రెప్ప వేయకుండా, ఆ చివర కంచె దాకా నడిచాడు. పది చుట్లు.

"ఎన్నమ్మా?"

"ముప్పై ఏడు, తాతయ్యా!"

పెద్దాయన మొహం మారిపోయింది.

ఈ బండి ఇరుసు హౌసింగ్‌లో పళ్ల నిష్పత్తి 3.73. చక్రం 10 సార్లు తిరిగితే, ఇరుసుకి కలిపి ఉండే షాఫ్టు 37 సార్లు తిరుగుతుంది. అంటే కూసేది చక్రం కాదు, షాఫ్టు. వంగి ఉన్నా తిరిగే దాని కీలు. ఆ కీలు కథ పాతది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ దాని గురించి రాశాడు. కార్నెల్ యూనివర్సిటీలో చదివిన క్లారెన్స్ స్పైసర్ కార్ల కోసం 1903లో దానికి పేటెంట్ పొందాడు. ఆటోనగర్‌లో దాని పేరు 'క్రాస్', అంతే.

కానీ ఫోర్ వీల్ బండికి షాఫ్టులు రెండు. ఏది?

లిఫ్టు లేచింది. పెద్దాయన తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. వెనక షాఫ్టు పట్టుకుని కుదిపాడు. గట్టిగా ఉంది. ముందు షాఫ్టు మీద టార్చి వేశాడు. ముందు, వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర, క్రాసులు రెండు పక్కపక్కన ఉండే జాయింటు. కప్పు అంచున ఎర్రటి పొడి, కుంకుమ రాలినట్టు. బోల్టుల పక్కన పెయింటుతో గుర్తు పెట్టి షాఫ్టు దించాడు. చేత్తో వంచాడు.

సగంలో బిగుసుకుపోయింది.

కప్పు ఊడదీస్తే లోపల గ్రీజు లేదు. ఉప్పునీళ్లు సీలు దాటాయి. సూదుల్లాంటి రోలర్లు ఉండాల్సిన చోట తుప్పు.

"టూ వీల్‌లో పెట్టే తోలుతున్నా కదా బాబాయ్?"

"ఈ రకం బండిలో ఎందులో పెట్టినా ఇది తిరుగుతూనే ఉంటుందిరా. వంద స్పీడులో నిమిషానికి రెండువేల ఆరొందల చుట్లు. అప్పుడు తెగితే?"

అతను మాట్లాడలేదు. 401 హైవే కళ్ల ముందు కదిలింది. పక్కపక్కనే లారీలు, వెనక సీట్లో పిల్ల, నేల కింద ఒక కొస ఊడి గిరగిరా కొట్టుకునే ఇనప కడ్డీ.

మధ్యాహ్నం కొత్త క్రాసులు పడ్డాయి. గుర్తుకి గుర్తు కలిపి షాఫ్టు బిగించారు. మళ్లీ పెరడు. మళ్లీ అద్దాలు దించారు. టైరు మీద గీత సగం చెరిగినా కనిపిస్తూనే ఉంది. పెద్దాయన వంగి నడిచాడు. పది.

"ఎన్నమ్మా?"

పిల్ల చేతులు రెండూ కిటికీలోంచి బయటికి చాపింది. పది వేళ్లూ తెరిచే ఉన్నాయి. ఒక్కటీ మడవలేదు.