మట్టి లేని కుండీలో సున్నం పాళ్లు



పుల్లనేలకు సున్నం వేయడం మీలో కొందరికి తెలిసినదే. మరి మట్టే లేని మిశ్రమంలో లెట్యూస్ ఆకుకూర నారు పోసేవారు కూడ సున్నపురాయి పొడి కలుపుతారు. అది ఎందుకు వచ్చిందో తెలియక పుస్తకంలోని కొలతను ఉన్నదున్నట్టు పాటిస్తే నారంతా పాడయ్యే ప్రమాదమున్నది.

1930లలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనువారు కుండీ మిశ్రమాలకు స్థిరమైన పాళ్లు కట్టారు. అంతకుముందు తోటమాలి కొక రకం మిశ్రమం! వీరి విత్తన మిశ్రమంలో మంచి తోటమట్టి రెండు పాళ్లు, పీటు ఒకటి, ఇసుక ఒకటి. 36 లీటర్ల మిశ్రమానికి సుద్దపొడి సుమారు 21 గ్రాములు మాత్రమే. మట్టి ఉన్నది కాబట్టి అంత కొద్దిపాటి సుద్ద సరిపోయింది.

పీటు అంటే ఏమిటంటారా? చలిదేశపు చిత్తడి నేలల్లో నాచు వేల ఏండ్లుగా సగం కుళ్లి పేరుకొన్న పదార్థం. తేలిక, నీటిని బాగా పట్టి ఉంచుతుంది, కాని మహా పులుపు. ఉదజని సూచికలో 7 అంటే పులుపూ లేదు, క్షారమూ లేదు. ఒక అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. నాచు పీటు 4కు అటూ ఇటూ ఉంటుంది. అందులో లెట్యూస్ వేరు సాగదు.

మట్టితో వచ్చిన చిక్కేమంటే, ఒక బండి మట్టి మరొక బండి మట్టిలా ఉండదు. పైగా తెగుళ్లు వెంట వస్తాయి. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు సన్న ఇసుక, పీటులతో కూడిన పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. 1960లలో అమెరికాలోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో బూడ్లీ, షెల్‌డ్రేక్ అనువారు ఇసుకను కూడ తీసివేసి, పీటు సగం, వర్మిక్యులైటు సగం కలిపారు. ఘనగజానికి 5 పౌన్ల సున్నపురాయి పొడి వేయమన్నారు. అంటే మన లెక్కలో ఘనమీటరుకు సుమారు 3 కిలోలు. డోలమైటు పొడి వేస్తే కాల్షియంతోపాటు మెగ్నీషియం కూడ అందుతుంది.

మరి 7 దాకా తీసుకుపోరాదా? కూడదు. 1961లో మిషిగన్‌లో లూకాస్, డేవిస్ అనువారు సేంద్రియ నేలల సంగతి తేల్చారు. మామూలు మట్టికంటె వీటిలో పోషకాలు బాగా అందే స్థానం ఇంచుమించు ఒక అంకె కిందనే ఉన్నది. 5.5 నుంచి 6 వరకు మేలు. దాటితే ఇనుము, మాంగనీసు అందక లేత ఆకులు పసుపెక్కుతాయి. ఎక్కువైన సున్నాన్ని వెనక్కు తీయడం చాలా కష్టం.

లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు మాడితే కాల్షియం లోపమే, నిజమే. అయినా వెంటనే సున్నం సంచి విప్పకండి! కాల్షియం నీటితోపాటు పోతుంది. ఆవిరి ఎక్కువ వదిలే బయటి ఆకులు దానిని ముందే లాగేసుకుంటాయి. గాలి ఆడేలా చూడడం, మొక్కను మరీ వేగంగా పెరగనీయకపోవడం దానికి మందు.

ఇక మన సంగతి. కోనసీమలో కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు ఉన్నది గదా, నేడు నారుమళ్లకు అదే ఆధారం. అది పీటు అంత పులుపు కాదు, సాధారణంగా 5.5 నుంచి 6.5 దాకా ఉంటుంది. కార్నెల్ కొలత దీనికి వేస్తే సూచిక హద్దు మీరుతుంది. దీనికి కావలసింది సున్నం కాదు, కడుగుడు: ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. బోరు నీళ్లు క్షారమైతే అవే రోజురోజుకూ సూచికను పైకి లాగుతుంటాయి.

పీటు వాడేవారు మెత్తటి సున్నపురాయి పొడినే వాడవలెను. తాంబూలపు తడిసున్నం వద్దు. అమ్మోనియా ఎరువుతో కలిస్తే ఆవిరి పుట్టి వేళ్లను కాల్చుతుంది. ఒక బొచ్చెడు మిశ్రమం కలిపి, తడిపి, రెండు వారాలు తడి ఆరకుండ ఉంచి, పిమ్మట సూచిక చూచుకొని విత్తనం వేయండి.