‘మా అవ్వ బీడీలు చేస్తది’: తరగతి గదిలో కృత్రిమ మేధ, తెలంగాణ ఆడపిల్లల చదువు

1935లో సిరిసిల్లలో నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు. దానితోపాటే జరిగిన మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. మన చరిత్ర పుస్తకాల్లో మొదటి సభకు పేజీలకు పేజీలు దొరుకుతాయి, రెండో సభకు ఒక వాక్యం దొరికితే గొప్ప. 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మొదలైన ఈ మహిళా సభల్లో మళ్లీ మళ్లీ చర్చకొచ్చిన విషయం ఆడపిల్లల చదువు. చదువు కావాలనడంతో ఆ చర్చ ఆగిపోలేదు. ఏ భాషలో చదవాలి, ఎవరు చెప్పాలి అనే ప్రశ్నలు దానికి అంటుకునే ఉన్నాయి.

ఆ రెండు ప్రశ్నలూ ఎంత బరువైనవో ఒక బడి చరిత్ర చెబుతుంది. 1928లో మాడపాటి వారి పూనికతో హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాల మొదలైంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. తెలుగు మాధ్యమంలో పై తరగతులు చదివే ఆడపిల్లలకు సొంత రాజ్యంలో గుర్తింపు లేదు. చివరికి ఆ బడి, 1916లో పూనాలో ధొండో కేశవ్ కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమై నడిచింది. ఇంట్లో మాట్లాడే భాషలో చదువుకోవడానికి ఆడపిల్ల నిజాం సరిహద్దు అవతలి నుంచి గుర్తింపు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తరగతి గదిలోకి కృత్రిమ మేధ వస్తున్నప్పుడు మనం అడుగుతున్న ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. పిల్లలు కాపీ కొడతారా, టీచర్ల ఉద్యోగాలు పోతాయా, కంప్యూటర్లు సరిపోతాయా? ఇవి అడగకూడదని కాదు. కానీ సిరిసిల్ల సభ నాటి ప్రశ్నలు, ఏ భాషలో, ఎవరు చెప్పే చదువు అన్నవి, ఎవరూ ఎత్తడం లేదు. సిరిసిల్లా గొల్లపల్లీ 2016 దాకా ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు గొల్లపల్లి జగిత్యాల జిల్లాలో ఒక మండలం. ఆ ప్రశ్నల్ని నేను గొల్లపల్లి నుంచి అడగాలనుకుంటున్నాను.

ఇక్కడ అవ్వ అంటే తల్లి, బాపు అంటే తండ్రి. (ఇప్పటి పిల్లల్లో చాలామంది మమ్మీ, డాడీ అంటున్నారు. అది వేరే కథ.) కోస్తాలోనూ సీమలోనూ అవ్వ అంటే ముసలామె, నాయనమ్మ, అమ్మమ్మ. ఆరో తరగతి చదివే ఒకమ్మాయి ‘మా ఇల్లు’ మీద రాసిన నాలుగు వాక్యాల్ని, ఆమె అడిగి చూడమంటే, నా ఫోనులో ఉన్న ఒక కృత్రిమ మేధ సాధనానికి ఇచ్చి తప్పులు దిద్దమన్నాను. ఆ అమ్మాయి రాసింది: ‘మా అవ్వ బీడీలు చేస్తది. పొద్దుందాక పురుసత్ ఉండది. నాకు బడికి పోవుడు మంచిగనిపిస్తది. బాపు దుబాయిల ఉన్నడు.’ తిరిగి వచ్చింది: ‘మా అమ్మమ్మ బీడీలు చుడుతుంది. ఆమెకు రోజంతా తీరిక ఉండదు. నాకు పాఠశాలకు వెళ్లడం ఇష్టం. మా నాన్నగారు దుబాయ్‌లో ఉన్నారు.’

పరీక్షకైతే దీనికి మంచి మార్కులే పడతాయి. కానీ ఆ ఇంట్లో తల్లి మాయమైంది. దుబాయిలో ఉన్న బాపుకు గారు, ఉన్నారు వచ్చి చేరాయి. ఇంట్లో కూర్చుని వేళ్లు అరిగేలా పనిచేస్తున్న ఆడమనిషికి ఒక తరం వయసు పెరిగింది తప్ప ఏ గౌరవ వాచకమూ రాలేదు. ‘చేస్తది’ పోయి ‘చుడుతుంది’ రావడం చిన్న మార్పులా కనిపిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో ఏ ఆడమనిషినడిగినా బీడీలు చేస్తున్ననే అంటుంది. ఎందుకంటే చుట్టడం ఆ పనిలో ఒక్క భాగమే. ఆకు తడపాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు నింపాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మలవాలి, కట్టలు కట్టాలి. కార్ఖానాలో కొన్నిటిని బాగా లేవని ఏరి పక్కన పడేస్తే ఆ నష్టం కూడా భరించాలి. లెక్క వెయ్యి బీడీలకింత అని. బయటివాళ్లకు బీడీ చుట్టడం కనిపిస్తుంది, చేసేవాళ్లకు పనంతా తెలుసు. వాళ్ల మాటలో ఉన్న ఆ తెలివిడిని యంత్రం తప్పు కింద లెక్కగట్టింది.

నిజానికి యంత్రానికి ఈ చాదస్తం ఎక్కడిదని అడగాలి. ఈ సాధనాలు కోట్ల వాక్యాల్ని చదివి, ఏ మాట పక్కన ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో నేర్చుకుంటాయి. వాటికి దొరికిన తెలుగు ఎక్కువగా అచ్చులో, ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, సినిమా వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు. అచ్చులోకి ఎవరి తెలుగు వచ్చిందో, ఎవరిది రాలేదో మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తేవలసి వచ్చింది. 1956 తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి వచ్చిన భాషను రెండున్నర జిల్లాల భాష అని ఇక్కడివాళ్లు దశాబ్దాల పాటు అంటూనే ఉన్నారు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక పుస్తకాలు మారాయి, తెలంగాణ రచయితలూ నుడికారమూ కొంత పాఠాల్లోకి వచ్చాయి. ఎంత కొట్లాడితే వచ్చిన మార్పు అది! పాత అచ్చును మింగి పెరిగిన యంత్రం ఆ పాత పుస్తకాన్ని మళ్లీ తెచ్చి పిల్ల ముందు పెడుతోంది. పైగా దిద్దేవాడి హోదాలో.

సొంత తెలుగు నమూనాలు తయారు చేసుకుంటే సరిపోతుందనే వాళ్లున్నారు. 2024లో హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తెలుగు కథలు చెప్పే చిన్న భాషా నమూనాను తెచ్చింది. వేలాది ఇంజనీరింగు విద్యార్థులు పాత కథల పుటల్ని సరిచూసి దానికి సరుకు సిద్ధం చేశారు. పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా చేసిన ఆ పని పట్ల నాకు గౌరవముంది. దానికి పెట్టుకున్న పేరు మాత్రం నన్ను కాసేపు ఆపింది. చందమామ కథలు. 1947లో మద్రాసులో పుట్టిన చందమామ మీద నాకూ ప్రేమే. అయినా రాకుమారి అర్ధరాజ్యంతో కలిపి బహుమతిగా వెళ్లే కథలూ, గయ్యాళి భార్యకు బుద్ధి వచ్చే కథలూ మనం చదువుకుంటూనే పెరిగాం. వాటితో పోట్లాడటానికి స్త్రీవాద సాహిత్యానికి ఇన్నేళ్లు పట్టింది. యంత్రం తెలుగు నేర్చుకునే బాల్యం కూడా అదే అయితే ఆ పోట్లాట దానికి ఎవరు చెప్పాలి?

రెండో ప్రశ్న, ఎవరు చెప్పాలన్నది. మన బడుల్లోకి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఏడాది తిరగ్గానే ఉపగ్రహం వెళ్లిపోయింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డును ఇక్కడ ప్రత్యేకంగా గుర్తు చేసుకోవాలి. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, బోధనా సామగ్రి, ఇద్దరు టీచర్లు ఉండాలనీ, ఆ ఇద్దరిలో వీలైనంతవరకు ఒకరు స్త్రీ కావాలనీ అందులో ఉంది. సామగ్రికి ‘వీలైనంతవరకు’ లేదు. ఆడమనిషికే ఆ షరతు.

ఆ తర్వాత ఆడ టీచర్లు వచ్చారు. ఎలాంటి కొలువుల్లోకి? 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్ని చూడండి. చదువు మానేసిన ఆడపిల్లల కోసం ఉద్దేశించిన ఆ బడుల్ని నడుపుతున్నది కాంట్రాక్టు మీద పనిచేసే స్త్రీలే. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగినప్పుడు ఆ విద్యాలయాల్లో పాఠాలు కుంటుబడ్డాయి. అదే ఏడాది కేరళలో తిరువనంతపురం జిల్లా బడి ఒకటి కృత్రిమ మేధతో మాట్లాడే రోబో టీచరును ప్రవేశపెట్టింది. పేరు ఐరిస్. ఆడగొంతు ఇచ్చి, చీర కట్టి మరీ తరగతిలో నిలబెట్టారు. జీతం, ప్రసూతి సెలవు, సమ్మె లేని ఆడ టీచరన్న కోరిక ఎప్పటినుంచో ఉంది, దానికిప్పుడు చక్రాలొచ్చాయి.

అలాగని యంత్రాన్ని బడి గేటు బయట నిలబెట్టమని చెప్పబోవడం లేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి ప్రాథమిక పాఠశాలల్లో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల్లో కృత్రిమ మేధతో అభ్యాసం మొదలుపెట్టింది. మొదట ఆరు జిల్లాల్లో 36 బడులు. ట్యూషనుకు పంపే స్తోమత లేని ఇంటి ఆడపిల్లకు అడిగినన్నిసార్లు విసుక్కోకుండా చెప్పేది ఒకటుండటం తక్కువ మాటేమీ కాదు. నీ కులానికి లెక్కలెందుకే అని అది ఎదురుగా అనదు. రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకుని నెట్టుకొచ్చే టీచరుకు కూడా ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. ఇంటి దగ్గర ఇదంతా కుదరదు. ఉన్న ఒక్క ఫోను అన్న చేతిలోనో, దుబాయి నుంచి ఫోను వస్తుందని అవ్వ ఒడిలోనో ఉంటుంది. అందుకే ఆడపిల్లకు ఆ యంత్రం బడిలోనే, టీచరు పక్కన ఉండగానే దొరకాలి. సాయంత్రం ఇంట్లో చూసుకోమని చెప్పే ఏ పథకమైనా మగపిల్లాడి పథకమే.

మరి ఆ పక్కనున్న టీచరు ఏం చేయొచ్చు? దీనికి జవాబు కంప్యూటర్ శాస్త్రంలో కన్నా మన ఉద్యమ చరిత్రలో వెతకడం మంచిదనుకుంటాను. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే అచ్చేసిన పుస్తకం అది. అక్కడా ఒక యంత్రముంది. కానీ అది వినడానికి వెళ్లింది. దిద్దడానికి కాదు. ఆ యాసను ప్రామాణికం చేసేసి ఉంటే ఆ స్త్రీల కోపమూ, హాస్యమూ, పార్టీ మీద నిష్ఠూరమూ చప్పబడిపోయేవి.

గొల్లపల్లి బడిలో ఆ పని చేయడానికి పెద్ద ఖర్చు లేదు. యంత్రం దిద్దిన వాక్యాన్నీ పిల్ల రాసిన వాక్యాన్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏది పోయింది, ఏది వచ్చింది అని అడగొచ్చు. ఆరో తరగతి పిల్లలు ఆ వ్యాకరణం బ్రహ్మాండంగా చెబుతారు. నేను చూపించిన అమ్మాయి ‘అమ్మమ్మ’ దగ్గర వేలు పెట్టి, ‘మా అమ్మమ్మ సచ్చిపోయింది గద’ అంది. పురుసత్ ఎక్కడినుంచి వచ్చిందో, ఉర్దూ బడుల కాలం అవ్వల నాలుక మీద ఏం మిగిల్చిపోయిందో చెప్పడానికి టీచరుకు అంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇందులో ఒక చిక్కుంది. ఈ మాటలు రాకపోతే యంత్రం మన అవ్వల్ని గుర్తించదు. ఇస్తే అవి ఎవరి ఆస్తి అవుతాయి? 2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణిని ప్రారంభించినప్పటినుంచి భాషాదానం చేయండి, మీ గొంతు ఇవ్వండి అన్న పిలుపులు వింటున్నాం. దానం అనే మాటను స్త్రీల విషయంలో ఎంత తేలిగ్గా వాడతారో తెలిసినవాళ్లకు కాస్త జంకు ఉండక తప్పదు. బీడీలు చేసే ఆడమనిషి పి.ఎఫ్. నంబరు కోసం ఏళ్ల తరబడి యూనియన్‌లో కొట్లాడింది. ఆమె గొంతు రికార్డు చేసుకుని, దానితో పాఠం చెప్పే యంత్రాన్ని తయారు చేసి ప్రభుత్వ బడికే అమ్మేవాళ్లు ఆమె పేరు ఏ పుస్తకంలో రాసుకుంటారు? వెయ్యి మాటలకు ఎంత కడతారు?