ఒంటి నక్షత్రము

హైదరాబాదునుండి తూర్పుదిశగా బయలుదేరి, పెద్ద అంబర్‌పేట దాటి, నార్కెట్‌పల్లి వద్ద విజయవాడ దారిని విడిచి, నల్లగొండ, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా దక్షిణమునకు సాగు ప్రయాణికుడు, ఒంగోలునకు సుమారు పదిమైళ్ల ఇవతల, వెల్లంపల్లి చెంత ఒక యేటిని దాటును. అది గుండ్లకమ్మ. వంతెన దాటునంతసేపు అటు కన్నెత్తి చూచువారు అరుదు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఉదయము మొదలు సాయంకాలము వరకు, నడుమ మధ్యాహ్నపు విరామము తప్ప, ఈ యేటి నీటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య దేశదేశములకు ప్రాకినది. అమెరికాలోను ఇంగ్లండులోను పత్రికలు దానిని ప్రకటించినవి. నేడు నేను ఆ సంఖ్యను గురించి కొంచెముగాను, దానికి ముందు గడచిన నలువది సంవత్సరములను గురించి విస్తారముగాను చెప్పదలచితిని.

కృతజ్ఞత యను మాట మనకు సభల చివర, వందన సమర్పణ వేళ వినబడుచుండును. అప్పటికి సగము మంది లేచి చెప్పులు వెదకికొనుచుందురు. కాని ఆ పదమును విడదీసి చూచినచో దాని అర్థము గట్టిది. కృతమును ఎరిగియుండుట కృతజ్ఞత. ఎవరు ఏమి చేసిరో తెలిసికొని, మరువకుండుట. మేలు కలిగినప్పటి సంతోషము వేరు, ఈ ఎరుక వేరు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో అమెరికా బాప్టిస్టు మిషను చరిత్ర చదివినప్పుడెల్ల నాకీ భేదము స్ఫురించుచుండును.

శామ్యూల్ డే అను యువకుని తెలుగువారి నడుమ పనిచేయుటకై ఆ మిషనువారు 1835లో పంపిరి. ఆయన 1836లో విశాఖపట్టణము చేరి, తెలుగు నేర్చికొనుచు, శ్రీకాకుళమునను మద్రాసునను కొంతకాలముండి, 1840లో నెల్లూరున స్థిరపడెను. సంతలలోను తిరునాళ్లలోను బోధించెను. కరపత్రములు పంచెను. 1844లో నెల్లూరి సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే. 1846లో ఆరోగ్యము చెడి డే స్వదేశమునకు మరలెను. ఇంత ఖర్చుచేసి, ఇంత కాలము గడపి, ఫలము ఇంతేనా యని అచట పెద్దలు అప్పటికే లెక్కలు వేయసాగిరి. ఐనను డే 1848లో లైమన్ జ్యూయెట్ అను మరియొక యువకుని వెంటబెట్టుకొని తిరిగి ఓడ యెక్కెను. మరుసటి యేడు వారు నెల్లూరు చేరిరి.

1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున మిషను సభ కూడినది. నెల్లూరు పనిని ఎత్తివేయుదుమా, నిలుపుదుమా యని చర్చ. మిషను స్థానములను నక్షత్రములుగా గుర్తించిన పటమునందు బర్మాదేశమున చుక్కలు గుంపుగా ఉండగా, తెలుగుదేశమున నెల్లూరు ఒక్కటే మిణుకుమనుచుండెను. దానిని ఒకరు ఒంటి నక్షత్రమని పిలిచిరి. సభ్యులలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి కలడు. అమెరికావారి ప్రసిద్ధ దేశభక్తిగీతమొకటి ఆయన వ్రాసినదే. ఆ రాత్రి ఆయన ఆ ఒంటి నక్షత్రముమీద పద్యములు వ్రాసెను. మరునాడవి చదువగా విన్నవారి కన్నులు చెమర్చినవట. నెల్లూరు నిలిచినది. నాకు ఇంతకంటె మనసునకు హత్తుకొన్నది కార్యదర్శి వేసిన ప్రశ్న. మీ సంఘమును మేము విడిచిపెట్టుచున్నామని నెల్లూరిలోని ఆ కొద్దిమందికి ఉత్తరము వ్రాయుటకు ఎవరికి చేతులాడును అని ఆయన అడిగెనట. సభలు సంఖ్యలను సులభముగ కొట్టివేయగలవు. పేర్లుగల మనుష్యులకు ఉత్తరము వ్రాయుట కష్టము.

సముద్రమున కావల జరిగిన ఈ చర్చల నడుమ, ఈవల జ్యూయెట్ 1853 చివర నెల్లూరునుండి ఉత్తరముగా ఒంగోలునకు పోయెను. వీథులలో బోధించినను పట్టించుకొనినవారు లేరు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఆ ఊరి కొండ ఎక్కిరి. జ్యూయెట్, ఆయన భార్య, నరసు అను తెలుగు ఉపదేశి, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలు. కీర్తన పాడిరి. ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. సూర్యుడు పొడుచుచుండగా జ్యూయెట్ దిగువన ముండ్లపొదలతో నిండిన మెరకనేలను చూపి, అచట మనవారి బంగళా వెలసిన బాగుండును గదా యని జూలియాతో అనెను. ఆ దినము వచ్చునని కూడ అనెను.

ఆ ఉదయమున వారికి కృతజ్ఞత చెప్పుకొనుటకు ఏమున్నది? చేత చిల్లిగవ్వ లేదు. ఒంగోలున ఒక్క విశ్వాసియు లేడు. ఒక్కటి మాత్రము స్పష్టము. ఆ కొండపై నున్న ఐదుగురికి ఒకరి శ్రమను ఒకరు పూర్తిగ ఎరుగుదురు. నరసు ఎన్ని వీథులు తిరిగెనో జ్యూయెట్‌కు తెలియును. జూలియా ఏమి వదలి వచ్చినదో రూతునకు తెలియును. కొరతగల కాలమునకు ఈ యొక్క భాగ్యము కలదు. కృతము కొంచెమైనప్పుడు ఎరుగుట తేలిక. మైకుముందు కూర్చుండి, వినువారెందరో ఎరుగక మాటలాడు మాబోంట్లకు, సాయంకాలము ఒక పల్లెనుండి వచ్చిన ఒకే యొక కార్డు ఎంత విలువగలదో చెప్పనలవి కాదు.

ఇంకను పండ్రెండేండ్లు గడచినవి. 1862 ప్రాంతమున మరల ఎత్తివేత మాట వచ్చినది. స్వదేశమునకు వెళ్లియున్న జ్యూయెట్, ఎవరు పంపినను పంపకున్నను తాను తెలుగువారివద్దకు తిరిగి పోయెదననియు, అవసరమైనచో అచటనే మరణించెదననియు తేల్చిచెప్పెను. 1865లో జాన్ ఎవరెట్ క్లౌ అను వానిని తోడ్కొని ఆయన తిరిగివచ్చెను. క్లౌ సేద్యగాండ్ర కుటుంబమువాడు, భూములు కొలుచు సర్వేపని ఎరిగినవాడు. ఆ విద్య తరువాత ఎంత పనికివచ్చెనో ముందు చూతము. 1866లో ఆయన కాపురము ఒంగోలునకు మార్చెను. జ్యూయెట్ కొండమీదినుండి చూపిన మెరకమీదనే బంగళా ఉండెను.

క్లౌ కంటె ముందు చెప్పవలసినవాడు యెర్రగుంట్ల పేరయ్య. పడమటి సీమలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. యోగమార్గమున గురూపదేశము పొంది, ఏండ్ల తరబడి సాధన చేసినవాడు. వ్యాపారముపై ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తుమాట చెవినబడినది. 1866లో బాప్తిస్మము పొంది, తన ఊరికిని చుట్టుపట్ల పల్లెలకును తానే కాలినడకన తిరిగి చెప్పెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లునప్పటికి, జనము సద్ది మూటగట్టుకొని, మారుబట్టలు తెచ్చుకొని సిద్ధముగ కూర్చుండిరి. ఇరువదియెనిమిదిమందికి క్లౌ బాప్తిస్మమిచ్చెను. విత్తినవాడు పేరయ్య, క్లౌ దొర కోతకు వచ్చినవాడు. ఆ సంగతి క్లౌకు బాగుగ తెలియును. తన జీవితకథలో ఆయన పేరయ్యకు ఇచ్చిన స్థానమే దానికి సాక్షి.

అప్పుడే మొదటి పరీక్ష వచ్చినది. ఒంగోలులో అగ్రవర్ణములవారు కొందరు మిషను బడికి వచ్చుచు, బోధ ఆలకించుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు చెప్పిరి. క్లౌ ఒక గదిలోను, ఆయన భార్య హారియెట్ వేరొక గదిలోను దిక్కుతోచక బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు పౌలు వ్రాసిన పత్రికలోని ఒకే భాగము కంటబడినదట. ఘనులను గాక లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. బడి ఖాళీ ఐనది. వచ్చినవారికి కష్టములు మొదలైనవి. ఆదివారము వెట్టికి రామనిరి. ఊరి జాతరలలో డప్పు కొట్టమనిరి. కరణములు, మునసబులు ఊరకుందురా? బావుల నీరు ముట్టనీయరైరి, అంగడిలో సరకు అమ్మనీయరైరి. ఈ కష్టములు పడినది దొరలు కారు, పల్లెజనము. మిషనరీసేవలోని ఒడుదుడుకులని మనము చెప్పుకొనునప్పుడు ఓడప్రయాణములు, జ్వరములు, ధనలేమి జ్ఞప్తికి వచ్చును. నీరు దొరకని బావిగట్టును కూడ అందు చేర్చవలెను.

1876లో వానలు తప్పినవి. దక్షిణదేశమున 1878 వరకు సాగిన ఆ మహాక్షామమున మరణించినవారు ఏబది లక్షలకు పైమాటయని అంచనా. కరువుపనులలో కష్టించు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్ది పైకము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించెను. దానిపై వైద్యులే ఆక్షేపణ తెలిపిరి. మద్రాసునుండి ఉత్తరముగా సముద్రతీరము వెంబడి త్రవ్వుచుండిన కాలువపని అప్పుడే కరువుపనిగా సాగెను. అదియే బకింగ్‌హాము కాలువ. అందు మూడున్నర మైళ్ల భాగమును క్లౌ కంట్రాక్టు తీసికొనెను. సర్వేవిద్య అక్కరకు వచ్చినది. మేస్త్రీలుగ తన ఉపదేశకులనే నియమించెను. వేలమంది వచ్చి త్రవ్విరి, కూలి తీసికొని వండుకొని తినిరి. అలసట తీర్చుకొను వేళ ఉపదేశకులు వారి సరసన కూర్చుండి మాటలాడిరి.

ఆ దినములలో బాప్తిస్మము కోరినవారెందరో. క్లౌ ఒప్పుకొనలేదు. సుమారు పదిహేను మాసములు ఒక్కనికిని బాప్తిస్మమీయలేదు. ఇది సామాన్యమైన నిగ్రహము కాదు. నలువది యేండ్లు ఎదురుచూచిన పంట కళ్లముందు వంగియున్నది. కాని ఆకలిగొన్నవాని నోట వెలువడు విశ్వాసము అన్నమునకా, దేవునికా యని తేల్చుట ఎట్లు? తిన్న ఉప్పునకు విశ్వాసముగ నుండుట మన జనులకు పుట్టుకతో వచ్చిన గుణము. ఆ గుణమును తనకు అనుకూలముగ వాడుకొనుట తప్పని క్లౌ తలచెను.

వానలు పడినవి. సహాయధనము ముగిసినది. 1878 జూన్‌లో ఆయన తన సహాయకులను వెల్లంపల్లికి రమ్మని, క్రొత్తవారిని వెంట తీసికొనిరావలదని వ్రాసెను. ఐనను జనము వేలుగ వచ్చిరి. ఇక నావద్ద డబ్బు లేదని ఆయన చెప్పగా, మాకు సహాయము వద్దు, కష్టించి బ్రతుకుదుమనుటకు మా అరచేతుల బొబ్బలే సాక్ష్యము, వచ్చు పంట పోయినచో చత్తుము గాని క్రైస్తవులముగ చత్తుమని వారు బదులు చెప్పిరట. జూలై 2వ తేదీన 614, 3వ తేదీన 2,222, 4వ తేదీన 700. మూడు దినములలో 3,536 మంది. 3వ తేదీన నీటిలో నిలిచినది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులవారిగ బాప్తిస్మమిచ్చిరి. గుమాస్తాలు జాబితాలు చూచి పేర్లు పిలిచిరి. ఆ దినమున క్లౌ ఒక్కరికిని తన చేతితో బాప్తిస్మమీయలేదు.

వీరు బియ్యపు క్రైస్తవులని ఎత్తిపొడిచినవారు అప్పుడును ఉండిరి, తరువాతను ఉండిరి. ఆ మాట పూర్తిగ నిరాధారమని నేననను. అంతటి క్షామమున ఆకలికిని విశ్వాసమునకును నడుమ గీత గీయుట ఆ జనులకే సాధ్యము కాకపోయి యుండవచ్చును. ఐతే అన్నము పెట్టిన దొరను తలచుకొని వచ్చిరనుకొన్నను, ఆ అన్నము వారు ఉచితముగ తినలేదు. కాలువ త్రవ్వి తినిరి. లోకము ఆ సంగతి మరచెను. కాలువకు మద్రాసు గవర్నరు పేరు వచ్చినది. నదిలో జరిగినదానికి ఒక సంఖ్య వచ్చినది. 2,222 అను సంఖ్య ఎంత అందముగ నున్నదో అంత ప్రమాదము. కొండమీది ఐదుగురిలో నలుగురి పేర్లు చరిత్ర నిలుపుకొన్నది, జ్యూయెట్ భార్య యూఫీమియాతో కలిపి ఐదును దొరకును. నదిలోని వారిలో ఎన్ని పేర్లు మనము చెప్పగలము? కరువులో నిలిచిన ఎరుక సమృద్ధిలో జారిపోవుట ఇట్లు. కొన్నియేండ్లలో ఒంగోలు సంఘసభ్యులు ఇరువది వేలు దాటిరి. వారు వందలకొలది పల్లెలలో చెదరియుండిరి. బడులు చాలవు, ఉపదేశకులు చాలరు. ఎవరు నిలిచిరో, ఎవరు జారిరో తెలియని స్థితి. క్లౌ తన మిగిలిన జీవితమంతయు ఈ భారముతోనే గడపి, 1910లో అమెరికాలో మరణించెను. జ్యూయెట్ 1897 వరకు జీవించి, తాను కోరినది కన్నులార చూచెను. డే మాత్రము 1878 రాకమునుపే కన్నుమూసెను.

ఇంకొక సంగతి చెప్పవలెను. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బనునకు చేర్చినది మొదలు, నేటాలు చెరకుతోటలకు తెలుగువారు వేలకొలది పోయిరి. గిరిమిటు ఒప్పందములు, పరాయినేల, పరాయిభాష. వారినడుమ పనిచేయుటకు నెల్లూరి సంఘమునకు చెందిన జాన్ రంగయ్య 1903లో కుటుంబముతో ఓడ యెక్కెను. ఆయనను పంపినది అమెరికావారు కాదు. తెలుగు బాప్టిస్టులు తామే స్థాపించుకొన్న స్వదేశ మిషను సంఘము. ఖర్చు తెలుగు సంఘముల కానుకలనుండి వచ్చినది. కాలువ త్రవ్వినవారును, వారి బిడ్డలును ఆ కానుకలు వేసినవారిలో ఉండియుందురు. నెల్లూరు పనిని ఎత్తివేయుదుమాయని ఆల్బనీలో చర్చ జరిగి అప్పటికి సరిగా ఏబది సంవత్సరములు. ఆ యేటి చివరనే కియర్‌స్నీ తేయాకు తోటలో తెలుగు కూలీలతో ఒక సంఘము వెలసినది. రంగయ్య తోటనుండి తోటకు తిరిగి, తెలుగులోనే బోధించుచు, తగవులును ఆదరణయు రెండును చవిచూచి, 1915లో ఆ నేలమీదనే మరణించెను.