అనంతపురం సీమ తోలుబొమ్మ: రూపం, అర్థం, రూపాంతరం

బొమ్మ అనే మాట తెలుగులో ఆటవస్తువును, చిత్రాన్ని, ప్రతిమను, రంగస్థల పాత్రను కూడా సూచిస్తుంది. ఈ నాలుగు అర్థాలూ ఒకే వస్తువులో కలిసే సందర్భం తోలుబొమ్మ. అనంతపురం సీమలో, ముఖ్యంగా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో, నేటికీ నిలిచివున్న ఈ కళారూపపు సాంస్కృతికార్థాలను, అవి ప్రస్తుతం పొందుతున్న మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లేపాక్షి చిత్రాలతో సంబంధం

ఈ తోలుబొమ్మల రూపానికి లేపాక్షి వీరభద్రాలయపు కప్పుచిత్రాలే మూలమన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పూనికతో రూపొందిన ఆ ఆలయంలో పార్వతీకల్యాణం, కిరాతార్జునీయం వంటి కథలు చిత్రితమయ్యాయి. నల్లని బాహ్యరేఖ, నీడలు లేని సమతల వర్ణలేపనం, పక్కచూపు ముఖం, పెద్ద కన్ను, చీరల అంచుల్లో దట్టమైన అల్లికలు రెండింటిలోనూ కనిపిస్తాయి. అయితే పోలిక ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి మూలమని చెప్పలేం. తోలు కాలక్రమంలో శిథిలమయ్యే పదార్థం కనుక లేపాక్షి చిత్రాలతో సరిపోల్చదగిన సమకాలిక బొమ్మలు మన ముందు లేవు. మరోవైపు, 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రస్తావన ఉంది. కాబట్టి లేపాక్షిని మూలంగా కాక, ఒకే దృశ్యపరిభాషకు గోడపై మిగిలిన సాక్ష్యంగా గ్రహించడం సముచితం.

రెండింటి మధ్య భేదం కూడా గమనార్హం. కప్పుచిత్రం కదలదు, దానికింద ప్రేక్షకుడు నడుస్తూ కథను చదువుకుంటాడు. తోలుబొమ్మల ప్రేక్షకుడు కదలడు. తెరపై కథే నడుస్తుంది. గోడపై రంగుకు కాంతి ఎదుటినుంచి అందుతుంది, బొమ్మకు వెనుకనుంచి అందుతుంది.

నిర్మాణంలోని అర్థం

మేకతోలును శుభ్రపరచి, వెలుతురు ప్రసరించేంత పలుచగా చేసి, రేఖ గీసి, ఉలితో రంధ్రాలు తొలిచి, రంగులు వేస్తారు. తెరపై నగలుగా మెరిసేది రంగు కాదు, ఆ రంధ్రాలగుండా వచ్చే వెలుగు. భుజాలు, మోచేతుల వంటి చోట్ల భాగాలను ముడులతో కలుపుతారు. రాముడికి నీలం, హనుమంతుడికి ఆకుపచ్చ వంటి వర్ణనియమాల వల్ల నోరు విప్పకముందే పాత్ర గుర్తుకు వస్తుంది.

ఇక్కడ చైనా ఛాయాబొమ్మలతో పోలిక ఉపకరిస్తుంది. 2011లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేరిన ఆ కళలో పశువుల తోలుతో చేసిన బొమ్మలు సాధారణంగా అడుగు ఎత్తుకు అటూఇటూగా ఉంటాయి. వాటి తల విడదీయడానికి వీలైనది. ఒకే దేహానికి వేర్వేరు తలలు అమరుస్తారు. అందుచేత అక్కడ పాత్రభేదాన్ని నిర్ణయించడంలో తల కీలకం. తెలుగు బొమ్మ దాదాపు మనిషి ఎత్తును అందుకోగలదు. ఇక్కడ ఆపాదమస్తకం పాత్రే. ఆభరణం, వస్త్రం, భంగిమ అన్నీ కలిసి ఒక వ్యక్తిని నిర్మిస్తాయి.

భాష, ప్రదర్శన, కరువు

ఈ బొమ్మలాడించేవారిలో ఆరె మరాఠీలు ప్రముఖులు. వీరి ఇంటిభాష మరాఠీకి చెందిన మాండలికం, ఆటభాష తెలుగు. రంగనాథ రామాయణ ద్విపదలను కంఠస్థం చేసి తరతరాలుగా అందించిన వారి మాతృభాష తెలుగు కాకపోవడం మన సాహిత్యచరిత్ర మరింత శ్రద్ధగా చర్చించవలసిన విషయం. పురాణకథ మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశించి మోటుహాస్యంతో ఊరి సంగతులను తెరపైకి తెస్తారు. పద్యానికి నియతపాఠం ఉంది. వీరి మాటలకు లేదు. అవి ఆ రాత్రికి, ఆ ఊరికి పుట్టినవి.

వర్షాభావం నిత్యానుభవమైన ఈ సీమలో ఆటకు వినోదాన్ని మించిన ప్రయోజనం ఉంది. విరాటపర్వం చదివినా ఆడించినా వానలు కురుస్తాయని తెలుగు పల్లెల్లో విశ్వాసం. ఆ నమ్మకంతో ఊరు ఆట కట్టించినప్పుడు బొమ్మ అలంకారవస్తువు కాదు, సామూహిక ప్రార్థనకు సాధనం.

రూపాంతరం

సినిమా, టెలివిజన్ ప్రాబల్యంతో ప్రదర్శనలు తగ్గగా, నిమ్మలకుంట కళాకారులు దీపపు తొడుగులు, గోడ అలంకరణలు చేయడం మొదలుపెట్టారు. రాష్ట్ర హస్తకళాభివృద్ధి సంస్థ విక్రయశాలలకు 'లేపాక్షి' అన్న పేరే ఉండటం వల్ల, ఈ సీమలోని ఆలయం పేరు తెలుగు హస్తకళలకు వ్యాపారనామం కూడా అయింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు.

ఈ మార్పును పతనమని తీర్మానించడం తొందరపాటు. కుటుంబాలకు అన్నం పెట్టింది ఈ మార్పే. ఉలిపని చేతి నుంచి జారిపోకుండా కాపాడిందీ ఇదే. పైగా దీపపు తొడుగులో తోలు, వెనుకవెలుగు, రంధ్రాలు మూడూ నిలిచాయి. పోయినవి కీలు, కదలిక, మాట. అలంకరణ వస్తువులపై దేవతలు, నెమళ్ళు, లతలు తరచుగా కనిపిస్తాయి. కేతిగాడు, బంగారక్క అరుదు. పురాణపాత్ర మాట లేకుండానూ గుర్తింపు పొందుతుంది. హాస్యపాత్రకు మాటే ప్రాణం కనుక మార్కెట్టులో దానికి చోటు దక్కలేదు.

ముగింపు

నేటి పరిరక్షణ ప్రధానంగా వస్తువును కాపాడుతున్నది. బొమ్మ తయారీకి గుర్తింపు, విక్రయశాల, పురస్కారం ఉన్నాయి. బొమ్మ పలికిన పాఠానికి అటువంటి ఆశ్రయం తక్కువ. మొదలి నాగభూషణశర్మ వంటివారు ఈ రంగస్థలాన్ని అధ్యయనం చేశారు. ఆ దారిలో, ద్విపద పాఠభేదాలను, హాస్యపాత్రల ఆశుసంభాషణలను కళాకారుల గొంతులోనే ధ్వనిముద్రించి పరిష్కరించడం తెలుగు శాఖల కర్తవ్యం. తోలుపై ఉలిగుర్తులను మ్యూజియం భద్రపరచగలదు. వాటి వెనుక పలికిన తెలుగును భద్రపరచవలసింది సాహిత్య పరిశోధకులే. ఆ పాఠం తెలిసిన వృద్ధ కళాకారులు ఉన్నప్పుడే ఈ పని జరగాలి.