బాడుగ ఇంటి కమీషన్: అనంతపురం వలస కుటుంబాలు, బ్రోకరు రుసుము భారం

అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ చేతికి రాని ఏట పల్లెలు 44వ నంబరు జాతీయ రహదారి పట్టి బెంగళూరుకు కదులుతాయి. మన కరువు చర్చంతా పంటబీమా, బోర్లు, కూలి రేట్ల దగ్గరే ఆగిపోతోంది. నగరంలో ఒక గది తాళం తెరవడానికి ఆ కుటుంబం మొదటిరోజే కట్టే సొమ్ము లెక్కలోకి రావడం లేదు. అందులో బ్రోకరు కమీషన్ ఎవరు భరించాలన్నది ఈ వ్యాస విషయం. ఇంటిని బ్రోకరుకు అప్పగించిన యజమానే భరించాలని నా వాదన.

బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు. బ్రోకరుకు సాధారణంగా ఒక నెల బాడుగ. బాడుగ 10,000 రూపాయలనుకుంటే అడ్వాన్సు లక్ష, మొదటి నెల బాడుగ పదివేలు, కమీషన్ పదివేలు. అడ్వాన్సు కోతలు పోను ఎప్పటికైనా తిరిగొస్తుంది. కమీషన్ రాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేలకు నెలకు 200 రూపాయలు వడ్డీకే పోతాయి.

ఇంతకూ బ్రోకరు ఎవరి పని చేస్తున్నాడు? ఇల్లు చూపించే తీరులోనే జవాబుంది. తాళంచెవి అతని జేబులో ఉంటుంది. గడప దాటకముందే ప్రశ్నలు మొదలవుతాయి: "ఎంతమంది ఉంటారు? ఏం పని? మీరు యా కులమోళ్లు? నీసు తింటారా?" ఇవన్నీ యజమాని తరఫున అడిగేవే. బాడుగ తగ్గించమంటే "ఓనరు ఒప్పుకోడన్నా" అంటాడు. గోడ చెమ్మ గురించీ, నీళ్లు వచ్చే వేళల గురించీ తనంతట తాను చెప్పడు. వడపోత యజమానికి, ఖర్చు బాడుగదారుకు! కులం అడిగి వెనక్కి పంపే మనిషికి ఆ కులంవాళ్లే డబ్బు కట్టాల్సి రావడం నాకు అన్నిటికన్నా బాధాకరంగా తోస్తుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం, ఒకరి కోసం పని చేయడానికి గానీ, ఇతరులతో వ్యవహారాల్లో వారి తరఫున నిలబడడానికి గానీ నియమితుడైనవాడు ఏజెంటు. పైన చెప్పిన బ్రోకరు ఏ లెక్కన చూసినా యజమాని ఏజెంటే. ఆ తర్వాతి చట్టాలు ఈ తర్కాన్ని బాడుగ ఇళ్ల దాకా తీసుకురాలేదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఏజెంట్ల నమోదు తప్పనిసరి చేసింది గానీ అది అమ్మకాలకే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించరాదంది. కమీషన్ ఎవరిదో చెప్పలేదు. కర్ణాటక అద్దె చట్టం–1999 మధ్యవర్తులు నమోదు కావాలని చెప్పింది గానీ నమోదు ఒక్కటే కమీషన్ ఎవరిదో తేల్చదు.

ఈ చిక్కును విదేశాల్లో నేరుగా విప్పారు. జర్మనీలో 2015 జూన్ 1 నుంచి బ్రోకరును ఎవరు పెట్టుకుంటే వారే చెల్లించాలి. ఇంగ్లండు 2019లో బాడుగదారుల నుంచి ఇలాంటి రుసుములు వసూలు చేయడాన్ని చాలావరకు నిషేధించింది. న్యూయార్క్ నగరంలోనూ 2025 జూన్ నుంచి బ్రోకరును పెట్టుకున్నవారే చెల్లించాలన్నది నియమం.

యజమాని కడితే దాన్ని బాడుగలో కలిపేస్తాడు కదా అంటారు. కొంత కలుపుతాడు, నిజమే. అయినా పదివేలు ఒకేసారి అప్పు తేవడం వేరు, నెలనెలా కొంత కట్టుకోవడం వేరు. ఇంకో సంగతి ముఖ్యం. ఏడాది దాటిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి కనుక 11 నెలల అగ్రిమెంటు వాడుకలో పాతుకుపోయింది. బాడుగదారు మారిన ప్రతిసారీ కమీషన్ కొత్తగా పుడుతుంది. అది యజమాని జేబులోంచి పోనంతకాలం, ఉన్న కుటుంబాన్ని నిలుపుకోవాలన్న ఆసక్తి అతనికి తక్కువే. అతని జేబుకే తగిలితే చీటికిమాటికి ఖాళీ చేయించడు.

బాడుగదారే ముందుకొచ్చి తన కోసం ఇల్లు వెతకమని రాతపూర్వకంగా పురమాయిస్తే కమీషన్ అతను ఇవ్వడం న్యాయం. అనంతపురం దగ్గరి కక్కలపల్లి టమోటా మండీలో కమీషన్ తన పట్టీలోంచే కోయించుకున్న రైతు, నగరంలో ఎదుటివారి ఏజెంటుకూ తానే కూలి ఇవ్వాల్సిన అవసరం మాత్రం లేదు. తాళంచెవి అప్పగించినవారే కమీషన్ చెల్లించాలి, ప్రతి చెల్లింపుకూ రశీదు ఉండాలి అన్న ఒక్క సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభలు తమ అద్దె చట్టాల్లో చేర్చాలి.