రాడార్ చెవి

రాడార్ కథ చెప్పేవాళ్ళు చాలామంది మాగ్నెట్రాన్ దగ్గరే ఆగిపోతారు. 1940 ఫిబ్రవరి 21న బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ ఆ రాగి దిమ్మెను మొదటిసారి పనిచేయించారు. పది సెంటీమీటర్ల తరంగాలు వందల వాట్ల బలంతో బయటికొచ్చాయి. సరే, అరవడానికి గొంతు దొరికింది. మరి వినడానికి చెవి?

విమానాన్ని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలహీనం. పెంచుకుందామంటే ఆనాటి రేడియో వాల్వులకి చేతకాలేదు. అది సెకనుకి మూడువందల కోట్ల సార్లు ఊగే తరంగం. వాల్వులో ఎలక్ట్రాన్ ఈ కొసనుంచి ఆ కొసకి చేరేలోపే దాని దిశ మారిపోతుంది. అందుకని దానికి దగ్గరి పౌనఃపున్యంతో మరో తరంగాన్ని రిసీవర్‌లోనే పుట్టించి, రెంటినీ కలిపి, వాటి తేడాని పట్టుకున్నారు. ఆ తేడాని మామూలు వాల్వులు పెంచగలవు. కలపడానికి, సిలికాన్ ముక్కమీద టంగ్‌స్టన్ తీగ మొన ఆనించిన స్ఫటికం. పుట్టించడానికి, బ్రిటిష్ నౌకాదళం కోసం రాబర్ట్ సటన్ 1940లో తయారుచేసిన రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్.

బంతులాట తెలుసుగా: ముందు గట్టిగా విసిరిన బంతీ, తర్వాత మెల్లగా విసిరిన బంతీ ఒకేసారి చేతిలో పడతాయి. సటన్ గొట్టంలో ఎలక్ట్రాన్లదీ అదే ఆట. రాగి కుహరంలోని సందు దాటేటప్పుడు కొన్నిటి వేగం పెరుగుతుంది, కొన్నిటిది తగ్గుతుంది. ఎదురుగా ఉన్న రుణపలక అన్నిటినీ వెనక్కి నెడుతుంది. అవి గుంపుగా తిరిగొచ్చి తమ శక్తిని ఆ కుహరానికే ఇచ్చేస్తాయి. పలక వోల్టేజి కాస్త మారిస్తే శ్రుతి కూడా కాస్త మారుతుంది.

1940 ఆగస్టులో, ఇంగ్లండ్ దక్షిణ తీరాన స్వానేజ్ దగ్గర జరిగిన పరీక్షల్లో రెండు పళ్ళేలు వాడారు: ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి. తగరపు రేకు పట్టుకుని సైకిల్ తొక్కుతున్న మనిషి కూడా వాటికి చిక్కాడు. కానీ యుద్ధవిమానం ముక్కులో ఒక్క పళ్ళేనికే చోటుంది. ఒకే పళ్ళెంతో అరిచి, వింటే, ఆ అరుపుకి స్ఫటికం కాలిపోతుంది.

దీనికీ సటన్ గొట్టమే అక్కరకొచ్చింది, ఇంకో వేషంలో. గాలి పూర్తిగా తీసేసిన గొట్టాన్ని హార్డ్ అనీ, కాస్త వాయువు ఉన్నదాన్ని సాఫ్ట్ అనీ అనేవారు. సాఫ్ట్ సటన్ గొట్టంలో, అరుపు తగలగానే వాయువు మెరిసి దారి మూసేస్తుంది. అరుపు ఆగాక, మైక్రోసెకన్లలో చల్లబడి మళ్ళీ తెరుస్తుంది. వినాలంటే ముందు కాసేపు చెవులు మూసుకోవాలన్నమాట!

అలా గొట్టం కాపాడిన ఆ స్ఫటికాల కోసం యుద్ధకాలంలో సిలికాన్‌నీ, జెర్మేనియంనీ శుద్ధిచేయడం నేర్చుకున్నారు. ఆ విద్యే 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్‌కి దారితీసింది. కాపలా కాసిన గొట్టాల వంశాన్ని చాలా ఇళ్ళనుంచి ఖాళీ చేయించింది, ఆ రాతిముక్క సంతానమే.